తోకమాటల లెక్క

చెకప్, లాకప్, మేకప్, సెటప్, పికప్, బిల్డప్. ఈ ఆరు మాటలను మీకు బడిలో ఎవరూ నేర్పలేదు. అయినా మీకు వచ్చు. పోలీసు స్టేషను గడప తొక్కనివారికి కూడా లాకప్ అంటే ఏమిటో తెలుసు. ఆసుపత్రికి వెళ్ళి వచ్చినవారు చెకప్ చేయించుకున్నామంటారు. ఊళ్ళో ఎవరైనా ఉన్నదానికంటె ఎక్కువ చూపించుకుంటే “వాడి బిల్డప్ చూడు” అని నవ్వుకుంటాం. ఆరింటి చివరా ఒకే తోక వేలాడుతోంది, గమనించారా? అదే “అప్”. ఈ ఆరు మాటలనూ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. కొంచెంసేపట్లో వాటితో మనకు పని పడుతుంది.

ఇది తెలుగు పుస్తకం కదా, ఇందులో ఇంగ్లీషు క్రియల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లీషులో మనవాళ్ళను అన్నిటికంటె ఎక్కువ తిప్పలు పెట్టే ఈ భాగాన్ని తెలుగు బాగా తెలిసినవారు తెలుగు దారినే వెళ్ళి అందుకోవచ్చునని ఇన్నేళ్ళుగా పాఠాలు రాస్తూ, సంపర్క తరగతులు చూస్తూ నాకు కలిగిన నమ్మకం. అందుకే ఈ వ్యాసం ఇక్కడ ఉంది.

నేను తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను. ఉన్నత పాఠశాలలో మా ఇంగ్లీషు మాస్టారు నల్లబల్లకు ఎడమ పక్కన “పుట్” అని పెద్దగా రాసి, దాని కింద పుట్ ఆన్, పుట్ ఆఫ్, పుట్ అప్, పుట్ అవుట్, పుట్ డౌన్ అని వరుసగా రాసేవారు. ఎదురుగా అర్థాలు: తొడుగుకొను, వాయిదా వేయు, బస చేయు, ఆర్పు, దించు. మరునాడు “టేక్”, ఆ మరునాడు “గివ్”. పరీక్షకు ముందు ఆ వరుసలను ఎక్కాల్లాగే వల్లెవేసేవాళ్ళం. కాని ఎక్కానికీ ఈ జాబితాకూ ఒక పెద్ద తేడా ఉంది. ఏడేడుల ఎంతో మరిచిపోతే ఏడార్ల నలభై రెండుకు ఏడు కలుపుకోవచ్చు. “పుట్ ఆఫ్” మరిచిపోతే “పుట్ ఆన్” వచ్చి ఆదుకోదు. ఒక మెట్టు మీద నుంచి ఇంకో మెట్టుకు దారి లేని చదువు అది. మా మాస్టారు శ్రద్ధగానే చెప్పారు. ఆ రోజుల్లో దొరికిన గైడ్లన్నీ అలాగే ఉండేవి. ఇప్పుడు బస్టాండు పుస్తకాల బండి మీద దొరికేవాటిలో కూడా చాలావరకు అదే పద్ధతి.

ఈ రకం క్రియలను ఇంగ్లీషువారు ఫ్రేజల్ వర్బులంటారు. ఈ పేరును 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే రచయిత తన పుస్తకంలో వాడి ప్రచారంలోకి తెచ్చాడు. పేరు కొత్తదే కాని చిక్కు పాతది. 1755లో తన ప్రసిద్ధ నిఘంటువును ప్రకటించిన డాక్టర్ శామ్యూల్ జాన్సన్, పరాయి దేశస్థులకు ఇంగ్లీషులో అతి కష్టమైనది ఈ కూర్పేనని పీఠికలోనే గుర్తించాడు. ఇంగ్లీషు ముందు తడబడేది మనమొక్కరమే కాదని తెలిస్తే కొంత ధైర్యంగా ఉంటుంది కదా!

క్రియ వెనక వచ్చే చిన్న మాటకు వ్యాకరణంలో వేరే పేర్లున్నాయి. మనం ఇక్కడ తోకమాట అందాం. నల్లబల్ల మీది జాబితా తలను బట్టి తయారైనది. అదే జాబితాను తోకను బట్టి మళ్ళీ పేర్చితే ఏమవుతుంది? 1989లో వచ్చిన కోబిల్డ్ వారి ఫ్రేజల్ వర్బుల నిఘంటువు చివర అలాంటి పట్టిక ఒకటి ఉంది. తోకమాటకు ఏయే అర్థాలున్నాయి, ఒక్కొక్క అర్థంలో ఏయే క్రియలతో కలుస్తుంది అన్నది అందులో చూపారు. ఎం.ఇడి. చదివే రోజుల్లో గ్రంథాలయంలో ఆ పేజీలు తిరగేస్తూ ఉంటే నాకు తట్టింది ఇంగ్లీషు కాదు, సంస్కృతం.

ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం. వీటన్నిటిలో ఉన్నది ఒకే ధాతువు. ముందున్న చిన్న ముక్క మారేసరికి ఒకటి కంచంలోకి వచ్చింది, ఒకటి తోటలోకి వెళ్ళింది, ఒకటి యుద్ధంలో తేలింది, ఇంకొకటి కోర్టు తీర్పులో కనిపిస్తోంది. ఆ ముక్కలను ఉపసర్గలంటారని వ్యాకరణంలో చదివారు. మనం ఆ పాఠాన్ని ఎప్పుడూ ధాతువు వైపు నుంచి చెప్పుకుంటాం. ఒక్కసారి ఉపసర్గ వైపు నుంచి చూడండి. సంయోగం, సంగమం, సమావేశం, సంకలనం: “సం” ఉన్నచోట ఏవో కలుస్తున్నాయి. వియోగం, విభజన, విచ్ఛిన్నం, వికేంద్రీకరణ: “వి” ఉన్నచోట ఏవో విడిపోతున్నాయి. అన్నిచోట్లా ఇలా కుదరదు, విజయంలో విడిపోయేదేమీ లేదు. కాని కొత్త మాట ఎదురైనప్పుడు ఊహకు ఒక ఆధారం దొరుకుతుంది. ఇంగ్లీషువారు ఆ ముక్కను ముందు కాకుండా వెనక తగిలించారు. తేడా అంతే అనుకుని ముందుకు పోదాం.

“అప్” అంటే పైకి. స్టాండ్ అప్ అంటే లేచి నిలబడు, పిక్ అప్ అంటే కింద ఉన్నదాన్ని ఎత్తు. ఇంతవరకు కంటికి కనిపించే పైకే. తరువాత ధరలు గో అప్ అవుతాయి, రేడియో గొంతు టర్న్ అప్ చేస్తారు, బండి స్పీడ్ అప్ చేస్తారు. ఇక్కడ పైకి వెళ్ళే వస్తువు లేదు, పెరుగుదల ఉంది. పెరగడాన్ని పైకి పోవడంగా చెప్పడం మనకు కొత్తా? ధరలు ఆకాశాన్నంటాయంటాం. గొంతెత్తి మాట్లాడమంటాం. మత్తు తలకెక్కిందంటాం, కోపం దిగిందంటాం. కుండలో నీళ్ళు పోసినకొద్దీ మట్టం పైకి వస్తుంది. బియ్యం కొలిచినకొద్దీ రాశి ఎత్తవుతుంది. ఏ దేశంలోనైనా కుండ కుండే, రాశి రాశే. 1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు పండితులు ఎక్కువ అంటే పైకి అనే ఈ సంగతి మీద, ఇలాంటివే మరెన్నో సంగతుల మీద ఒక పుస్తకమే రాశారు.

ఆ కుండనే ఇంకొంచెం నింపండి. నీళ్ళు అంచుదాకా వచ్చాయి. ఇక పట్టదు. పని పూర్తయింది. అదే ఫిల్ అప్. ఇక్కడి నుంచి “అప్”కు పూర్తిగా అనే మూడో అర్థం వచ్చిందని ఊహించుకుంటే చాలా క్రియలు వాటంతటవే చోటు వెతుక్కుంటాయి. ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్, క్లీన్ అప్, టియర్ అప్. ఉత్త “ఈట్” అంటే తిను. “ఈట్ అప్” అంటే?

తెలుగు తల్లి పిల్లవాడి కంచంలో మిగిలిన రెండు ముద్దలు చూపించి ఏమంటుంది? “తిను” అనదు, “తినెయ్యి నాన్నా” అంటుంది. ఆ “ఎయ్యి” ఏమిటి? వేయు అనే క్రియే. కాని ఇక్కడ ఎవరూ దేన్నీ ఎక్కడా వేయడం లేదు. తినడం అనే పనిని చివరిదాకా తీసుకుపొమ్మని మాత్రమే ఆ మాట చెబుతోంది. తాగెయ్యి, కడిగెయ్యి, వాడెయ్యి, చింపెయ్యి. ఇప్పుడు పై వరుసలోని ఇంగ్లీషు క్రియలను మళ్ళీ చదవండి. అలాగే చెరువు ఎండిపోయిందంటాం. ఆ “పోయింది” వల్ల చెరువు ఎక్కడికీ పోలేదు. ఇంగ్లీషులో డ్రైడ్ అప్ అంటారు. ఆ చెరువూ పైకి ఎగిరిపోలేదు. రెండు భాషలూ ఒకే పని కోసం చెరొక చిన్న మాటను అరువు తెచ్చుకుని, దాని సొంత అర్థాన్ని పక్కన పెట్టేశాయి. (పక్కన పెట్టాయి అనకుండా పెట్టేశాయి అన్నానని గమనించారా?)

ఈ పోలికను మరీ లాగకూడదు. నిద్రపోయాడు అనడానికి “స్లీప్ అప్” అంటే ఎవరికీ అర్థం కాదు. కాని ఇంగ్లీషు క్రియకు తోక ఎందుకు, ఒక మాట చాలదా అని విసుక్కునే అభ్యాసకునికి “తిను, తినెయ్యి” చూపించినంత త్వరగా సమాధానపరిచే మార్గం నాకు మరొకటి దొరకలేదు. 1985లో మెనాకెమ్ డాగుట్, బాటియా లాఫర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇజ్రాయెల్‌లో హీబ్రూ మాతృభాషగా గల విద్యార్థులను పరిశీలించి, వారు ఈ జంట క్రియలను తప్పించుకుని ఒంటి క్రియలనే ఎంచుకుంటున్నారని చూపారు. హీబ్రూలో అలాంటి నిర్మాణం లేకపోవడమే కారణమన్నారు. మనవాళ్ళూ తప్పించుకుంటారు. పుట్ ఆఫ్ అనకుండా పోస్ట్‌పోన్ అంటారు, పుట్ అప్ విత్ అనకుండా టాలరేట్ అంటారు. తప్పేమీ లేదు, అర్జీలో అదే బాగుంటుంది. కాని ఎదుటివారు మాట్లాడేటప్పుడు మన సౌకర్యం చూసుకుని మాట్లాడరు కదా! ఇక మనకు అలాంటి నిర్మాణం లేదని చెప్పడానికి వీల్లేదు. అది రోజూ మన నోట్లో నానుతున్నదే.

“అప్”కు నాలుగో అర్థం కనిపించడం, ఎదుటికి రావడం. నీటి అడుగున ఉన్నది పైకి తేలితేనే కనిపిస్తుంది. షో అప్, టర్న్ అప్, కమ్ అప్. బ్రింగ్ అప్ అంటే ఒక సంగతిని ప్రస్తావించడం. దీనికి మన మాట చూడండి: “పొలం మాట ఎత్తాడు”. మాటను ఎత్తడం! ఇంతకంటె దగ్గరి అనువాదం ఏ నిఘంటువూ ఇవ్వలేదు. గివ్ అప్ అంటే ప్రయత్నం మానుకోవడం. మనం చేతులెత్తేయడం అంటాం. ఆ ఇంగ్లీషు మాట చేతులెత్తడం నుంచే పుట్టిందని నేను చెప్పడం లేదు. గుర్తుంచుకోవడానికి మాత్రం ఆ బొమ్మ చాలు.

ఇప్పుడు పక్కన పెట్టిన కాగితం తీయండి. చెకప్‌లో పూర్తిగా చూడడం ఉంది. లాకప్‌లో గట్టిగా మూసివేయడం ఉంది. బిల్డప్‌లో మెల్లమెల్లగా పెంచడం ఉంది. పికప్‌లో ఎత్తుకోవడం ఉంది. మిగిలిన రెండింటిని మీరే ఆలోచించండి. నాకైతే మేకప్ కొంచెం మొండికేసింది.

ఇక “ఆఫ్” సంగతి. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఎందుకంటే ఇది మనకు బాగా తెలుసని మనం అనుకుంటాం.

కొన్నేళ్ళ కిందట హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు వైపు ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం సంపర్క తరగతికి వెళ్ళాను. వెనక బెంచీలో సుమారు యాభై ఏళ్ళ పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఒక కర్మాగారంలో కాపలా ఉద్యోగం. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. పదో తరగతి పూర్తయితే హెడ్‌గార్డు అవుతారని, జీతం పెరుగుతుందని మాలో చేరారు. తరగతి అయిపోయాక ఒక కాగితం పట్టుకుని వచ్చి, “ఇంగ్లీషు తీసేసి దాని బదులు గృహవిజ్ఞానం రాస్తాను సార్, దీని మీద సంతకం ఎవరు పెడతారు?” అని అడిగారు. కారణం అడిగితే చాలాసేపు చెప్పలేదు. తరువాత చెప్పారు.

ఒకరోజు తెల్లవారుజామున డ్యూటీ మారేటప్పుడు ఆయన పాత షిఫ్టువారి పుస్తకం చదివారు. అందులో ఫైర్ అలారం రెండు గంటల పదినిమిషాలకు “వెంట్ ఆఫ్” అని రాసి ఉంది. ఆయన ఎలక్ట్రీషియనును పిలిచి, రాత్రి అలారం ఆగిపోయిందట, వైరు చూడమన్నారు. నిజానికి అది ఆగిపోలేదు, మోగింది. పొగ వచ్చిన గదిని పగటి వెలుగులో ఒకసారి చూసి రావలసింది పోయి, ఇద్దరూ వైర్లు చూస్తూ కూర్చున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఉదయం సూపర్‌వైజరు పదిమంది ముందు, “ఇన్నేళ్ళ సర్వీసు, ఆఫ్‌కు అర్థం తెలియదు, ఈయనకు పదో తరగతి కావాలట” అని నవ్వాడు. ఆ పదిమందిలో ఆయన తమ్ముడి కొడుకు కూడా ఉన్నాడు.

ఆ నవ్వు నాకు అన్యాయంగా తోచింది. ఆయన ఆలోచనలో లోపం లేదు. ఫ్యాను ఆఫ్, మోటారు ఆఫ్, ఫోను స్విచాఫ్. తెలుగులోకి వచ్చిన “ఆఫ్” ఆగిపోవడం అనే ఒక్క అర్థాన్నే వెంట తెచ్చుకుంది. లైట్లు “వెంట్ ఆఫ్” అంటే ఆరిపోయాయనే అర్థం. అదే క్రియ, అదే తోక, అలారం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తిరగబడాలి?

ఆయనతో నేను చెప్పింది ఇది. “ఆఫ్” అంటే మొదటి అర్థం ఆగడం కాదు, విడిపోవడం. చొక్కా టేక్ ఆఫ్ చేస్తే ఒంటి నుంచి విడిపోయింది. కొమ్మ కట్ ఆఫ్ చేస్తే చెట్టు నుంచి విడిపోయింది. విమానం టేకాఫ్ అయితే నేలను విడిచింది. ప్రయాణానికి సెట్ ఆఫ్ అయితే ఇంటిని విడిచారు. లైటు కరెంటు నుంచి విడిపోయింది కనుక ఆరింది. ఆగిపోవడం అక్కడ పుట్టిన పిల్ల అర్థం. మరి అలారం? టపాసును తలచుకోండి. తుపాకిని తలచుకోండి. అప్పటిదాకా బిగించి పట్టి ఉంచినది పట్టు విడిపించుకుని ఒక్కసారిగా బయలుదేరింది. అందుకే టపాసు గోస్ ఆఫ్, తుపాకి గోస్ ఆఫ్, అలారం గోస్ ఆఫ్. పేలేదీ మోగేదీ ఏదైనా సరే, దాని పక్కన “గో ఆఫ్” కనిపిస్తే మొదలైందని అర్థం చేసుకోవాలి.

ఆయన కాసేపు ఊరుకున్నారు. తరువాత, “అయితే సార్, మాకు వారానికి ఒకరోజు వీకాఫ్ ఉంటుంది. అది కూడా పని నుంచి విడిపోవడమేనా?” అన్నారు. అవునన్నాను. “లే ఆఫ్ చేసినా విడిపోవడమే” అన్నారు వెంటనే. ఆ మాట ఆయనకు ఎలా తెలుసో నేను అడగలేదు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఇంగ్లీషు పరీక్ష మొదటిసారి పోయింది. మన విధానంలో అయిదేళ్ళలో తొమ్మిది అవకాశాలున్నాయి కదా, రెండో అవకాశంలో ఉత్తీర్ణులయ్యారు.

తోకలను ఇంతగా నమ్ముకుంటే కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదినట్టు అవుతుందని మా సహోద్యోగి ఒకరు హాస్యమాడతారు. సగం నిజమే. పాలు వెంట్ ఆఫ్ అంటే విరిగిపోయాయి, ఆగిపోనూ లేదు, పేలనూ లేదు. మంచి స్థితి నుంచి విడిపోయాయని నేను సర్దిచెప్పగలను కాని, అది తెలిసిన తరువాత చెప్పే మాట. ముందుగా ఊహించడం కష్టం. తోక దిక్కు చూపుతుంది, గమ్యం చెప్పదు. వాక్యం మొత్తం చదవాలి, నిఘంటువూ చూడాలి. హంగరీలో 1996లో ప్రకటించిన ఒక చిన్న ప్రయోగంలో కొవెచెష్, సాబో అనే పరిశోధకులు “అప్”, “డౌన్” క్రియలను కొందరికి అర్థాల బొమ్మలతో గుంపులుగా చెప్పారు, మరికొందరికి మాతృభాషలో అర్థాలిచ్చి ఊరుకున్నారు. మొదటి జట్టు బాగా చేసింది. చెప్పని క్రియల విషయంలో కూడా. చిన్న ప్రయోగమే అయినా, నా తరగతులలో నేను చూసినదానికి అది దగ్గరగా ఉంది.

“అవుట్” గురించి ఎక్కువ చెప్పను. క్రికెట్ చూసేవారికి అది సగం వచ్చు. రెండు దారులు గుర్తుంటే చాలు. లోపలున్నది బయటికి వచ్చి తెలియడం ఒకటి: ఫైండ్ అవుట్, పాయింట్ అవుట్. లోపలున్నదంతా బయటికి పోయి అయిపోవడం ఇంకొకటి: సోల్డ్ అవుట్, రన్ అవుట్. గ్యాసు రన్ అవుట్ అయిందంటే సిలిండరు ఖాళీ, అంపైరుతో పనిలేదు. ఒక్క హెచ్చరిక మాత్రం అవసరం. మనవాళ్ళు ఫలానా కాలేజీలో పాసవుట్ అయ్యానంటారు. పోలీసు శిక్షణ ముగిసినప్పుడు జరిగే పాసింగ్ అవుట్ పరేడ్‌లోనూ ఆ అర్థమే ఉంది. కాని ఉద్యోగానికి ఇంగ్లండు వెళ్ళిన మన నర్సుతో అక్కడ ఎవరైనా, తమ తల్లి మెట్ల మీద “పాస్డ్ అవుట్” అంటే ఆవిడ ఏ పరీక్షా రాయలేదు. స్పృహ తప్పింది. అక్కడ ఆలోచించుకోవడానికి వ్యవధి ఉండదు.

మనవాళ్ళు ఇంగ్లీషుకు అదనంగా ఇచ్చిన తోక కూడా ఒకటి ఉంది: “కోప్ అప్ విత్”. ప్రామాణిక ఇంగ్లీషులో “కోప్ విత్” చాలు. క్యాచ్ అప్ విత్, కీప్ అప్ విత్, పుట్ అప్ విత్ అనే వరుస చెవిలో పడి, ఇదీ అలాగే ఉండాలని మన నాలుక నిర్ణయించింది. పరీక్షలో రాయకండి, మార్కు పోతుంది. అయినా ఆ పొరపాటు చూసినప్పుడల్లా నాకు ముచ్చటగా ఉంటుంది. వరుసను పసిగట్టిన చెవి చేసే పొరపాటు అది.

ఇంకొక్క చిన్న సంగతి. ఇట్, దెమ్ వంటి సర్వనామాలు వస్తే టర్న్ ఆఫ్ వంటి క్రియలలో అవి మధ్యలోనే కూర్చుంటాయి. టర్న్ ఇట్ ఆఫ్ అనాలి, టర్న్ ఆఫ్ ఇట్ అనకూడదు.

ఈ పుస్తకం చివర మూడు ఖాళీ పుటలు వదిలాం. ఒకదాని పైన అప్, ఒకదాని పైన ఆఫ్, ఒకదాని పైన అవుట్ అని రాసుకోండి. దుకాణం బోర్డు మీద, మందు పెట్టె మీద, టీవీలో, మీ పిల్లల పుస్తకంలో తోక ఉన్న క్రియ కనిపించినప్పుడల్లా దాని పుటలో చేర్చండి. అర్థం మాత్రం రాసి ఊరుకోకుండా మీ ఇంట్లోనో, పనిలోనో జరిగినదాన్ని ఒక తెలుగు వాక్యంగా పక్కన రాయండి. ఏ పుటలోనూ ఇమడనివి వస్తాయి. వాటిని అట్ట లోపలి వైపు రాసుకోండి, అక్కడ కూడా కొంత చోటుంది.